బస్సుకు దిష్టి తీసిన వారం

మా కోడలు ఇప్పుడు పొద్దున పూట కూర్చుని టీ తాగుతుంది. కంపెనీకి పోవడం మొదలుపెట్టిన కొత్తలో ఆమె కూర్చుని టీ తాగడం నేను చూడనే లేదు. జడ వేసుకుంటూ ఒక గుక్క, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఒక గుక్క. మిగిలింది వాకిట్లో కనకాంబరం మొక్కల పాలు. చేతిలో చెప్పులు పట్టుకుని పరుగెత్తి, మట్టిరోడ్డు ఎక్కిన తరువాత వేసుకునేది. ఆ పరుగు చూస్తూ నేను గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి ఉండేదాన్ని.

మా పల్లె తమిళనాడులో, హోసూరు పక్కన కెలవరపల్లి డ్యామ్ దాటి లోపలికి ఉంటుంది. మాది గొర్రెలు కాచే వాళ్ళ పల్లె. మా తరువాత నడిమి పల్లె, అక్కడ ఎక్కువగా తాపీ పనికి, కూలికి పోయేవాళ్ళు. ఆ తరువాత ఏటిగట్టు పల్లె. ఈ మూడూ దాటి నడిస్తే గాని తారురోడ్డు రాదు. తారురోడ్డు మీద షేర్ ఆటో కోసం నిలబడాలి. నిండిన ఆటో ఆగదు, ఖాళీ ఆటో నిండేదాకా కదలదు. హోసూరు చేరాక మూకండపల్లి కంపెనీలకు ఇంకొక ఆటో. ఇంతా చేసి, ఆ పొద్దు కర్ణాటక ఎల్లలోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు నిలిచిపోయి ఉంటే ఆటో మూకండపల్లి వరకు కూడా పోలేదు. దిగి, లారీల మధ్య నడవాల్సిందే.

మా కోడలు మా అన్న కూతురే. అందుకే నన్ను అత్తా అని పిలిచే పిలుపు పెళ్ళికి ముందునుంచీ ఉన్నదే. పెళ్ళైన మొదటి ఏడాది నాతోపాటు గులాబీ షెడ్డుకు వచ్చింది. నేను అక్కడ పూలు కట్టలు కట్టి కాగితం చుట్టే పని చేస్తాను. మొక్కలకు మందు కొట్టిన రోజు షెడ్డులో వాసన ఆగిపోయి ఉంటుంది. నాకు అది అలవాటైపోయింది. ఆమెకు కాలేదు. ఊపిరి అందక, ఒకరోజు పూల గంప మీదనే వాలిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ పని మానిపించమని గట్టిగా చెప్పింది. తరువాత మూకండపల్లిలో ఒక కంపెనీలో ట్రైనింగుకు తీసుకున్నారు. చిన్న పచ్చని పలకల మీద వెంట్రుకంత తీగలు అతికే పని. ఫ్యాన్ల కింద, శుభ్రమైన గాలిలో కూర్చుని చేసే పని. ట్రైనింగు బాగా ముగిస్తే పర్మనెంట్ చేస్తారు. లేకపోతే మళ్ళీ గులాబీ షెడ్డే. మా చుట్టుపక్కల చదువు లేని ఆడపిల్లకు మూడో దారి లేదు.

పని ఆమెకు చక్కగా పట్టుబడింది. పట్టుబడనిది గేటు ఒక్కటే. సైరన్ మోగితే గేటు మూసేస్తారు.

"ఈ పొద్దు కూడా గేటు బయటే నిలబడినా అత్తా" అంది ఒక సాయంత్రం, గొర్రెపిల్లలకు నీళ్ళు పెడుతూ. "సూపర్‌వైజరమ్మ ఏమన్నాదో తెలుసా? నీ చెయ్యి మంచిది, నీ కాలే సరిలేదు అన్నాది."

"మొగుని బండి మీద పోరాదా?" అన్నారు పక్కింటి వాళ్ళు. నా కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ఆదివారం వస్తాడు, సోమవారం కోడి కూసే వేళకే పోతాడు. బండి అతనితోనే పోతుంది.

ఇక్కడ నా చదువు సంగతి రాయాలి. బడిలో నేను చదివింది అయిదో తరగతి వరకే. ఆ తరువాత చదివింది పూలకు చుట్టే పాత పేపర్లలో. సగం వార్త ఒక కట్టకు, మిగతా సగం ఇంకొక కట్టకు పోయేది. ఆ మిగతా సగం కోసమే ఒక ఆదివారం హోసూరు లైబ్రరీ మెట్లు ఎక్కాను. అక్కడ తెలుగు పుస్తకాలకు ఒక బీరువా ఉంది. ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం, చాలామందికి చెప్పాను కూడా. బీరువా అయిపోయాక తమిళ పేపర్లు మొదలుపెట్టాను. కూడబలుక్కుని మొదలుపెట్టి, ఇప్పుడు ధారాళంగా చదువుతాను. పట్టణాలు ఎట్లా పెరిగాయో చెప్పే ఒక పుస్తకంలో ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఫ్యాక్టరీ కట్టిన ప్రతిచోటా ముందు కూలివాళ్ళు ఎట్లా వచ్చి చేరతారన్నదే తేల్చుకోవాల్సి వచ్చిందట. మా ఇంట్లో తేలనిది కూడా అదే.

ఒక తమిళ పేపర్లో, ఎక్కడిదో ఒక పల్లె వాళ్ళు అర్జీ ఇచ్చి టౌన్ బస్సు తెచ్చుకున్నారని చదివాను. టౌన్ బస్సులో ఆడవాళ్ళు టికెట్ కొననక్కరలేదు, ఊరికే పోవచ్చు. ఆ పేపర్లో నేను గీత గీసి పెట్టుకున్న మాటలే పేర్చి తమిళంలో నేనే అర్జీ రాశాను. మూడు పల్లెల ఆడవాళ్ళ చేత వేలిముద్రలు, సంతకాలు పెట్టించాను. సోమవారం అర్జీల రోజున కృష్ణగిరి కలెక్టరాఫీసుకు పోయి వరుసలో నిలబడ్డాం. తరువాత ఎన్నో సోమవారాలు గడిచాయి. "ఏమ్మా లైబ్రరీ, నీ బస్సు యాడ దాకా వచ్చినాది?" అని పల్లెలో నవ్వడం కూడా పాతబడిపోయింది. అప్పుడు వచ్చాడు డిపో నుంచి, బస్సు టైమింగులు చూసే ఆయన. చేతికి గడియారం, జేబులో ఇంకొక గడియారం. మట్టిరోడ్డు అంతా నడిచి చూసి, మా వాకిట్లో మజ్జిగ తాగి, తమిళం కలిసిన తెలుగులో చెప్పాడు.

"సోమవారం నుంచి ఒక వారం నడిపి చూస్తామమ్మా. పొద్దున సైరన్ లోపల మూకండపల్లి చేరాల. చేరితే బస్సు మీది. లేకపోతే ఈ రూటు ఈ టైముకు సరిపడదని చెప్పేస్తాను. తరువాత నన్ను తిట్టేకి లేదు."

తిట్టము అన్నాం. ఆ పూటంతా మా కోడలు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పరుగెత్తకుండా తిరగడం ఆమెకు కొత్త.

మా పల్లెలో కొత్త ఎద్దు వచ్చినా, సంతలో కొన్న పొట్టేలు వచ్చినా గడప దగ్గర నిలబెట్టి, పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్ళు చుట్టూ తిప్పి, పక్కకు పారబోసి లోపలికి తోలుకుంటాం. అట్లాంటిది బస్సు వస్తే ఊరకుంటామా? సోమవారం చీకటితోనే లేచి ఎర్రనీళ్ళు నేనే కలిపాను. బస్సుకు అరటి పిలకలు కట్టారు, అద్దం మీద మూడు బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా పెద్దలు కొబ్బరికాయ ఎవరు కొట్టాలని రోంతసేపు వాదులాడుకున్నారు. డ్రైవరు రాయకోట పక్క మనిషి, తెలుగే. దండ వేయించుకుని నవ్వుతూ కూర్చున్నాడు. టైమింగు ఆయన మొదట నవ్వాడు, తరువాత ఒక గడియారం చూశాడు, తరువాత రెండోది చూశాడు. కోడలితోపాటు నేనూ ఎక్కాను.

నడిమి పల్లెలో కూడా అరటి పిలకలు, దండలు, గుమ్మడికాయ సిద్ధం. మేము చేసింది చూసి వాళ్ళు తక్కువ చేస్తారా? ఆ గుమ్మడికాయ పగలక మూడుసార్లు ఎత్తి వేశారు. అది అయ్యేసరికి తూరుపున ఎండ వచ్చేసింది. ఏటిగట్టు పల్లె దగ్గర తప్పెటలు మోగుతున్నాయి. ఆ పల్లెలో పెద్దామె, అందరూ అవ్వ అని పిలిచే ఆమె, ఇత్తడి తట్టలో కర్పూరం వెలిగించుకుని రోడ్డు మధ్యకు వచ్చింది.

"ఇంగ చాలు. ఆపద్దు" అన్నాడు టైమింగు ఆయన. డ్రైవరు ఎక్కేవాళ్ళను ఎక్కించుకుని, అవ్వ పక్కనుంచి బస్సు తిప్పి పోనిచ్చాడు. వెనక్కి తిరిగి చూశాను. దుమ్ములో తట్ట పట్టుకుని అవ్వ అట్లాగే నిలబడి ఉంది. కర్పూరం ఆరిపోయింది.

మేము మూకండపల్లి చేరకముందే సైరన్ వినబడింది. "ఈ ఒక్క పూట పూజ కింద వదిలేస్తాను, ఇంగొకసారి లేటైతే అంతే" అన్నాడు టైమింగు ఆయన.

ఆ సాయంత్రం కోడలు చెప్పింది. బస్సు మొదటి రోజని చెప్పుకుని బతిమాలితే సూపర్‌వైజరమ్మ గేటు తీయించిందట. "ఇదే కడసారి. ట్రైనింగు అయ్యేలోగా ఇంగొక్కసారి ఇట్ల నిలబడితే, రేపటినుంచి రావద్దు అన్నాది అత్తా." ఆమె ఏడవలేదు. వేళ్ళు మాత్రం చూసుకుంటూ కూర్చుంది. ఆ వేళ్ళతోనే తీగలు అతికేది.

మంగళవారం బస్సు ఠంచనుగా పోయింది. బుధవారం, గురువారం కూడా. గేటులోకి నడిచిపోయి, లోపల నీళ్ళు తాగే తీరిక కూడా దొరికిందని కోడలు చెప్పింది. కాని ఏటిగట్టు పల్లె దగ్గర ఒక్క మనిషి ఎక్కలేదు. అక్కడి ఆడవాళ్ళు బస్సును చూస్తూనే తారురోడ్డుకు నడుస్తున్నారు. కిటికీలోంచి పిలిస్తే, "దిష్టి తియ్యని బండి మేము ఎక్కము, మీరు పోండి" అన్నారు. టైమింగు ఆయన ఆ ఖాళీ సీట్లను కూడా చూస్తున్నాడు. ఆపైన ఇంకొక కబురు వచ్చింది. శుక్రవారం పొద్దున, మంచి రోజు, ఏటిగట్టు పల్లె వాళ్ళు బస్సును ఆపి తప్పెటలతో, కోడిపుంజుతో పూర్తి పూజ చేస్తారు. తమ పల్లె ఎర్రనీళ్ళు పడకుండా అది ఎట్లా కదులుతుందో చూస్తారు.

గురువారం సాయంత్రం నేను, కోడలు ఏటిగట్టు పల్లెకు పోయాం. అవ్వ వాకిట్లో అలసందలు వలుస్తోంది.

"రావమ్మా లైబ్రరీ" అంది. "ఏం చదివి చెప్పేకి వచ్చినావు?"

నేను చదివిందే చెప్పాను. బస్సుకు టైమింగు ఎందుకు ముఖ్యమో, ఒక పల్లెలో జరిగే ఆలస్యం తరువాతి పల్లెకు ఎట్లా పాకుతుందో, ఫ్యాక్టరీలు వచ్చిన కాలంలో జనం గడియారానికి ఎట్లా అలవాటు పడ్డారో. బాగానే చెప్పాననుకుంటాను. అవ్వ నేను చెప్పినంతసేపూ కాయలు వలిచింది.

"అంతా సరే. మీ పల్లెలో కొబ్బరికాయ కొట్టినప్పుడు ఈ గడియారం యాడ పోయినాది?"

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను.

"మా మీద కోపం ఉంటే మమ్మల్ని తిట్టవ్వా" అన్నాను. "బస్సును ఆపితే అది పోతాది. మళ్ళీ రాదు."

"కోపం కాదే! మీ రెండు పల్లెలోళ్ళు మీ పిల్లోళ్ళకని బండికి దిష్టి తీసినారు. మా పిల్లోళ్ళు ఎక్కితే మా పిల్లోళ్ళకు ఏమన్నా అయితే ఎవురు అడుగుతారు? ఏటి పక్క మలుపు ఉండాది. ఆడ రెండు ట్రాక్టర్లు పడినాయి. ఊరికే తట్ట పట్టుకొని రోడ్డు మీద నిలబడినాననుకున్నావా?"

అది నిజంగా భయమే, పంతం కాదు. మా కోడలు అప్పటిదాకా అలసందల చేట దగ్గర కూర్చుని తాను కూడా వలుస్తోంది. తల ఎత్తకుండా అడిగింది.

"అవ్వా, నేను పుట్టింటినుంచి మొదటిసారి వచ్చినప్పుడు మా అత్త దిష్టి తీసినాది. వచ్చినప్పుడు తీసినాదా, పోయేటప్పుడు తీసినాదా?"

"వచ్చినప్పుడే తీస్తారు. అదేం ప్రశ్న?"

"కాన్పై బిడ్డను ఎత్తుకొని వస్తే?"

"వచ్చినప్పుడే. ఏమే, నాకే నేర్పిస్తాండావా?"

"నేర్పించలేదవ్వా. పొద్దున బస్సు మన పల్లెలకు ఒట్టిగా వస్తాది. మనోళ్ళు ఎవురూ ఉండరు లోపల. సాయంత్రం మనోళ్ళందర్నీ ఎక్కించుకొని ఇంటికి వస్తాది. ఎప్పుడు తియ్యాల దిష్టి? పొద్దున ఒట్టి బండికి తీసి, సాయంత్రం మనుషులు దిగేటప్పుడు ఊరుకుంటే ఎట్ల?"

అవ్వ చేతిలో కాయ ఆగింది. నా వైపు చూసింది. నేనూ ఒక కాయ తీసుకుని వలవడం మొదలుపెట్టాను. అట్లాంటి సమయంలో నోరు మూసుకోవడం నాకు అంత సులభం కాదు.

"మీ అత్త కంటే నువ్వే మేలు" అంది అవ్వ చివరికి. "ఆమెది అంతా బీరువా. నీది రోంత బుర్ర."

"అయితే రేపు పొద్దున ఆపరు కదవ్వా?" అంది కోడలు.

"చూస్తాము. మగోళ్ళు తప్పెటలు ఎచ్చబెట్టేకి కట్టెలు కూడా తెచ్చిపెట్టుకోనుండారు. వాళ్ళకు ఎవురు చెప్తారో చూడాల" అని చేట ఎత్తుకుని లోపలికి పోయింది. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఇంటికి నడుస్తుంటే కోడలు అడిగింది, "బస్సు పోతే ఏం చేస్తాం అత్తా?" ఏదో ఒకటి చేస్తాం అన్నాను. గులాబీ షెడ్డు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున బస్సు ఎక్కి ఇద్దరం ముందు సీట్లో కూర్చున్నాం. నడిమి పల్లె దాటింది. ఏటిగట్టు పల్లె రాకముందే తప్పెటల చప్పుడు వినబడింది. మా కోడలు నా చెయ్యి పట్టుకుంది. పల్లె దగ్గరికి రాగానే చూశాం. రోడ్డు నిండా మనుషులు. ఒకడి చంకలో పుంజు. తప్పెటల వాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు. డ్రైవరు బస్సు నిలిపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. టైమింగు ఆయన జేబులోంచి గడియారం తీశాడు.

అప్పుడు ఆ గుంపు వెనకనుంచి అవ్వ వచ్చింది. చేతిలో తట్ట లేదు. కొత్త చీర కట్టుకుని, చంకకు సంచి తగిలించుకుని ఉంది.

"జరగండప్పా! నిన్న ఎవురికి చెప్పినాను నేను, గోడకా? పూజ సాయంత్రం. ఆ పుంజును తీసుకొనిపోయి కట్టెయ్యి. ఏమ్మా, మీరు ఎక్కండి, బిరీన ఎక్కండి, ఏం చూస్తాండారు!"

ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు తోసుకుని ఎక్కారు. తప్పెటలు పక్కకు తప్పుకున్నాయి, కాని మోగుతూనే ఉన్నాయి. అందరికంటే చివర అవ్వ కూడా మెట్లెక్కింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "నువ్వు యాడికవ్వా, కంపెనీకా?" అన్నాడు.

"హోసూరుకు. పెద్ద గుమ్మడికాయ తెచ్చేకి. ఆ నడిమి పల్లెది పగలనే లేదంట. నువ్వు తోలప్పా, మాటలు పెట్టుకోకుండా."

బస్సులో నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఏటి పక్క మలుపు దాటిపోయిందని తరువాత గాని నేను గమనించలేదు. తారురోడ్డు ఎక్కగానే డ్రైవరు వేగం పెంచాడు. హోసూరు బస్టాండులో అవ్వ దిగలేదు. "గుమ్మడికాయ యాడికీ పోదు. దీని గేటు చూసి దిగుతాను" అంది. నేనూ దిగాల్సిన చోట దిగలేదు. మూకండపల్లి వచ్చింది. సైరన్ ఇంకా మోగలేదు. కోడలు దిగి పరుగెత్తబోయి ఆగింది. పరుగెత్తాల్సిన పని లేదు. నడిచి పోయింది. కిటికీ ఊచలకు ముఖం ఆనించి అవ్వ చూస్తోంది.

"లోపలికి పోయినాదా?"

"పోయినాదవ్వా."

"గేటు?"

"ఇంకా తెరిచే ఉండాది."

ఆ తరువాత కొద్దిసేపటికి సైరన్ మోగింది. అది అంత కమ్మగా వినబడుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. టైమింగు ఆయన చేతి గడియారం కూడా విప్పి, రెండూ జేబులో పెట్టేసుకుని, కిటికీ బయటికి చూస్తూ ఏదో పాట కూనిరాగం తీశాడు. ఆ పొద్దు గులాబీ షెడ్డుకు ఆలస్యంగా పోయి నేను తిట్లు తిన్నాను. ఒక్క మాట కూడా నాకు తగల్లేదు. శనివారం కూడా బస్సు టైముకే చేరింది. ఆ రూటు నిలిచింది. ట్రైనింగు అయ్యేదాకా మా కోడలు మళ్ళీ గేటు బయట నిలబడలేదు. తరువాత పర్మనెంట్ చేశారు. ఆ కబురు చెప్పేటప్పుడు కూడా ఆమె తన వేళ్ళనే చూసుకుంది, ఈసారి నవ్వుతూ.

ఆ శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అవ్వ ఒళ్ళో పెద్ద గుమ్మడికాయ పెట్టుకుని మా కోడలి పక్కన కూర్చుంది. నేను వాళ్ళ వెనక సీట్లో ఉన్నాను. ఏటిగట్టు పల్లె దగ్గర మూడు పల్లెల వాళ్ళూ కలిసి నిలబడి ఉన్నారు. కొబ్బరికాయ ఎవరు కొట్టాలని ఎవరూ వాదించలేదు. ఆలస్యమైనా ఫరవాలేదు కాబట్టి వాదించడానికి కావలసినంత సమయం ఉంది, అయినా వాదించలేదు. టైమింగు ఆయనకు వాకిట్లో ఆకు వేసి పొంగలి పెట్టారు. "సాయంత్రం లేటైతే నేను చూడను. నా గడియారం పొద్దునకే" అన్నాడు తింటూ.

నడుమ కర్పూరం వెలిగించిన ఎర్రనీళ్ళ తట్ట పట్టుకుని అవ్వ కూతురు ముందుకు వచ్చింది. అప్పుడు గాని అవ్వకు తెలియలేదు, తాను లోపల ఉందని. ఎన్నో ఏళ్ళుగా ఆ పల్లెలో కోడళ్ళకు, బిడ్డలకు, ఎద్దులకు తట్ట తిప్పింది ఆమే. లేవబోయింది.

"దిగుతానుండు. నాకు దిష్టి ఏందే?"

"కూర్చోవ్వా" అంది మా కోడలు, గుమ్మడికాయ తన ఒళ్ళోకి తీసుకుంటూ. "పనికి పోయి ఇంటికి వచ్చినావు. తియ్యనియ్యి."

అవ్వ కూర్చుంది. బయట తట్ట బస్సు చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క కిటికీ దాటింది. వాళ్ళ కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు కర్పూరం వెలుగు ఇద్దరి ముఖాల మీదా పడింది. అవ్వ కొంగు సరిచేసుకుని, కొత్తకోడలు కూర్చున్నట్టు తల వంచుకుని కూర్చుంది.